నక్షత్రము దించిన తరువాత

(కుటుంబ ఆదివారమున సంఘము ఎదుట దంపతులు కలిసి చేసిన ప్రసంగము)



"పండుగ దినములలో క్రైస్తవ గృహము" అను అంశముపై మాట్లాడుమని అయ్యగారు అడిగినప్పుడు మేము వెనుకాడాము. మా పెండ్లి అయి ఆరు సంవత్సరములే. పాపకు నాలుగేండ్లు, బాబుకు రెండు. మాలో ఒకరిది రైల్వేలో షిఫ్టు డ్యూటీ, మరొకరు బడిలో టీచరు. మీకు బోధించుటకు మా యొద్ద ఏమియు లేదు. మా ఇంట జరిగినది మాత్రము దాచకుండా చెప్పగలము.

మన అధ్యక్ష ఖండ చరిత్రలో ముఖ్యమైన దినములు కొన్ని క్రిస్మసు కాలములోనే వచ్చినవి. అజరయ్యగారు 1912 డిసెంబరు 29న కలకత్తాలోని సెయింట్ పాల్స్ కతీడ్రల్‌లో దోర్నకల్ ప్రథమ అధ్యక్షులుగా అభిషేకము పొందారు. ఆంగ్లికన్ సంఘములో అధ్యక్షులైన మొదటి భారతీయులు వారే. దోర్నకల్ ఎపిఫనీ కతీడ్రల్ 1939 జనవరి 6న ప్రతిష్ఠింపబడినది. 1945 జనవరి 1న అజరయ్యగారు ప్రభువునందు నిద్రించారు. 2012తో నూరేండ్లు నిండిన మన ఖండమునకు ఈ మూడు తేదీలు మరువరానివి. పండుగ డిసెంబరు 25తో ముగిసిపోదనీ, జనవరి 6 వరకు సాగే కాలమనీ అవి జ్ఞాపకము చేస్తున్నవి. మా ఇంట మాత్రము అది ఒక్క దినపు ఆర్భాటముగానే ఉండేది.

పాప పుట్టిన సంవత్సరపు సంగతి చెప్పుచున్నాము. బిడ్డకు మొదటి క్రిస్మసు గదా అని ఇంటికి రంగులు వేయించాము. అందరికీ పట్టుబట్టలు, మూడంతస్తుల కేకు, ఇంటి ముందంతా రంగుల బల్బులు, నలభై మందికి బిర్యాని భోజనము. చేతిలో డబ్బు చాలలేదు. మెడలోని గొలుసు తాకట్టు పెట్టి, నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి ఇరవై వేలు తెచ్చాము. ఇంటిలో పెద్దదిక్కు అయిన అమ్మకు, అనగా మాలో ఒకరికి అత్తగారికి, ఆ మాట చెప్పలేదు. పండుగనాడు వంటపని తెమలక మాలో ఒకరు ఆరాధనకు రానే లేదు. రెండవవారు వచ్చినా, మనసంతా రావలసిన చుట్టాల మీదనే ఉన్నది.

జనవరిలో నెలకు నాలుగు వందల వడ్డీ మొదలైనది. "నువ్వే బల్బులన్నావు" అని ఒకరము, "నువ్వే మీ వాళ్లందరినీ పిలిచావు" అని ఒకరము. ఆ మాటలు అమ్మకు వినబడకుండా వంటగదిలో మెల్లగా అనుకొనేవాళ్లము. సాయంకాల ప్రార్థన నిలిచిపోయినది. పగలంతా ఒకరినొకరు నిందించుకొని, రాత్రి పక్కపక్కన మోకరించుటకు మాకు సిగ్గు వేసినది. నెల రోజులు అమ్మ ఒక్కతే చాప పరచుకొని కీర్తన పాడుకొన్నది. మమ్మును పిలువలేదు, ప్రశ్నింపలేదు.

ఒకనాటి సాయంకాలము మేమే ఆమె దగ్గర కూర్చుండి సంగతి అంతా చెప్పివేశాము. ఆమె కోపపడలేదు. "మెడ బోసిగా ఉన్నప్పుడే తెలిసిందమ్మా. మీరు చెప్తారని చూస్తున్నా" అన్నది. తరువాత తన చిన్ననాటి మాట చెప్పినది. వాళ్ల అమ్మ అన్నము వండిన ప్రతిసారి, ఎసటిలో బియ్యము పోయకముందే ఒక పిడికెడు తీసి కుండలో వేసేదట. ఆదివారము ఆ బియ్యము గుడికి వెళ్లేదట. "ఇంట్లో కరువున్న రోజున పిడికిలి చిన్నదయ్యేది గాని, కుండ దగ్గరికి చెయ్యి పోవడం మానలేదు" అన్నది. ఆ రాత్రి ముగ్గురము కలిసి మోకరించాము. ప్రార్థనలో మాటలు ఎక్కువ రాలేదు.

మరునాటి నుండి మా వంటగదిలో రెండు డబ్బాలు ఉన్నవి. ఒకదానిలో వండిన ప్రతిసారి పిడికెడు బియ్యము. పురుగు పట్టకుండా ఆదివారము ఆదివారము దానిని గుడికి తెస్తున్నాము. రెండవ దానిలో పండుగ కొరకు రోజుకు ఇరవై రూపాయలు. గొలుసు విడిపించుటకు సెప్టెంబరు వరకు పట్టినది. వడ్డీయే మూడువేల ఆరువందలు అయినది. ఆ తరువాతి క్రిస్మసుకు రెండవ డబ్బాలో ఉన్నంతలోనే అన్నీ జరుపుకొన్నాము. పిల్లకు, అమ్మకు కొత్త బట్టలు. మాకు ఉతికి ఇస్త్రీ చేసినవే. వెదురు బద్దలకు రంగుకాగితము అంటించి ఇంటనే నక్షత్రము కట్టాము. లోపల ఒక్క బల్బు. అరిసెలు ముందు రోజులలో అందరము కలిసి చేశాము. పాకము అమ్మది, పిండి దంచుట రైల్వే వారిది. పండుగనాడు ఒక్క కూర, అన్నము వండి, తలుపు తాళము వేసి అందరమూ ఆరాధనకు వచ్చాము. రాత్రి కేరల్స్‌కు వచ్చిన యౌవనస్థులకు టీ, అరిసెలు పెట్టాము. పొరుగువారి ఇండ్లకు పళ్లెములు పంపాము. సంక్రాంతికి ఆ పళ్లెములు నిండుగా తిరిగి వచ్చినవి.

జనవరి 6 సాయంకాలము నక్షత్రము దించి అటక మీద పెడతాము. "ఇక పండుగ అయిపోయిందా?" అని పాప అడుగుతుంది. డబ్బా చూపించి, రేపటి పిడికెడు ఆమె చేత వేయిస్తామని చెబుతాము. నైట్ డ్యూటీ వారములో ప్రార్థన సాయంత్రము ఐదు గంటలకే, క్యారియరు సర్దిన తరువాత. ప్రార్థన వేళ సెల్‌ఫోనులు గూటిలో ఉంటవి. అయినను నెలలో నాలుగైదు రోజులు తప్పిపోతూనే ఉన్నవి. తప్పిన మరునాడు మరల కూర్చుంటాము. మా మధ్య మాట పెరిగిన రోజులు ఇప్పటికీ ఉన్నవి. చాప పరచకముందే ఆ మాట తీర్చుకొనవలెనని నియమము పెట్టుకొన్నాము.

ప్రియ యౌవన దంపతులారా, మాలాగున ఎవరైనా ఈ సంవత్సరము పండుగకు అప్పు చేసియుంటే, దానిని ఇంటి పెద్దల నుండి దాచవద్దు. అప్పు కంటె దాచుటయే మా ప్రార్థనను ముందుగా ఆపినది. సంఘ పెద్దలారా, ఏ ఇంటికి వెళ్లినను అక్కడి దీపములను బట్టి, విందును బట్టి ఆ ఇంటి పండుగను కొలువవద్దని మా మనవి. మీరు మెచ్చుకొనవలెననే ఆశతోనే మేము ఆ గొలుసు తాకట్టు పెట్టాము.

డిసెంబరులో మనము వెలిగించు నక్షత్రము పదునైదు దినములు వీధికి కనబడును. జనవరి నుండి నవంబరు వరకు మన ఇంటిలో ఉండు సమాధానము మన పిల్లలకు కనబడును. అట్టి సమాధానమును దేవుడు మన గృహములన్నిటికిని దయచేయును గాక. ఆమేన్.