బూజు కాని బూజు



వేసవి వానలు పడితే చాలు, నాకు ఫోన్లు మొదలవుతాయి: "మల్చ్ మీద పచ్చటి నురగలా ఏదో బూజు పట్టింది, ఏం మందు కొట్టాలి?"

ఏ మందూ వద్దు. అది ఫ్యులిగో సెప్టికా అనే స్లైమ్ మోల్డ్. మీ మొక్కల జోలికి పోదు. బాక్టీరియాను తిని, కొద్ది రోజుల్లో తానే ఎండిపోతుంది. ఉబ్బసం ఉన్నవారు మాత్రం ఆ పొడి పీల్చకండి.

స్పోర్లు వెదజల్లుతుంది గనుక దీన్ని బూజుల్లో చేర్చారు. అమీబాలా పాకుతూ ఆహారాన్ని మింగుతుందని గమనించిన డి బారీ 1859లోనే అభ్యంతరం చెప్పాడు. డి.ఎన్.ఎ. పరీక్షలొచ్చాక ఇది అమీబాల వంశమేనని తేలింది.

దీని చుట్టమే డిక్టియోస్టీలియం. తిండి ఉన్నంతకాలం ఏ కణం దారి దానిది. తిండి కరువైతే వేలాది కణాలు ఒకచోట చేరతాయి. వాటిలో సుమారు ఐదోవంతు కాడగా మారి చనిపోతాయి. ఆ కాడ మీద మిగిలినవి స్పోర్లై బతుకుతాయి. ఏ బూజూ ఇలా చేయదు.

రూపం చూసి కలిపిన వరుస తప్పింది. వరుస తప్పితే మందూ తప్పుతుంది. ఈసారి అది కనిపిస్తే మందు డబ్బా పక్కన పెట్టి, పిల్లల చేతికి భూతద్దం ఇవ్వండి.