షేక్ చినమౌలానా నాదస్వరసాధన

శాస్త్రీయసంగీతమును వృత్తిగా స్వీకరింపఁదలఁచిన వారికి ప్రతిభతోపాటు గురువుల యాదరణమును, సభల యాహ్వానమును ఎంత యావశ్యకములో తెలిసికొనుటకు షేక్ చినమౌలానాగారి జీవితము ఉత్తమ నిదర్శనము.

1924లో ఒంగోలు సమీపమునందలి కరవదిలో, తరతరములుగా దేవాలయములయందు నాదస్వరసేవ చేయుచున్న ముస్లిము కుటుంబమున జన్మించిన యాయన, తండ్రియొద్దను, పిదప చిలకలూరిపేట ఆదం సాహెబుగారియొద్దను అభ్యసించి, నాదస్వర విద్వాంసులగు రాజరత్నం పిళ్ళెగారి రాగాలాపనకు ముగ్ధులై, తంజావూరు బాణిని స్వాధీనము చేసికొనుటకై నాచ్చియార్‌కోవిల్ సోదరులగు రాజం, దురైకణ్ణు గార్లను ఆశ్రయించిరి. గురుశిష్యుల భాషలు వేఱు, మతములు వేఱు. అయినను గురువులు విద్యను దాఁచలేదు, శిష్యుఁడు శ్రమకు వెనుదీయలేదు.

అనంతరము శ్రీరంగమున స్థిరపడి, రంగనాథుని సన్నిధిని నాదార్చన చేసి, 1982లో శారదా నాదస్వర సంగీతాశ్రమమును స్థాపించి, ఆయన విద్యాదానము చేసిరి. 1977లో పద్మశ్రీయు, 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీవారి సంగీతకళానిధి బిరుదమును ఆయనకు లభించినవి. ఆయన శిష్యులైన షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులు 2020లో పద్మశ్రీ పురస్కృతులైరి. చిరకాలము పురుషులకే పరిమితమనిపించుకొన్న యీ వాద్యమున ఒక స్త్రీ యిట్టి గౌరవమందుట మిక్కిలి ముదావహము.

జన్మ యేదైనను సాధనకు ద్వారము తెఱచినచోటనే కళ వర్ధిల్లును. కావున మన సభలు నాదస్వర విద్వాంసులను ఉత్సవారంభమున మంగళధ్వనికి మాత్రమే పిలిచి పంపివేయక, ప్రధానకచేరీలయందు కూర్చుండఁబెట్టి, తగిన పారితోషికమొసఁగి, వారి బిడ్డలు ఈ విద్యను నిర్భయముగా జీవనోపాధిగా నెంచుకొనునట్లు చేయవలెను.