కీళ్లవాతం మందు మొదలుపెట్టే ముందు ఒక పరీక్ష



మన ఇళ్లల్లో కీళ్లవాతం కొత్త మాట కాదు. వేళ్లు వాచి పొద్దున్నే పిడికిలి మూయలేకపోతే తెగిన పోగు అతకలేం, కండె చుట్టలేం. ఆ వారం కూలి పోయినట్టే. అందుకే ప్రెడ్నిసోలోన్ లాంటి స్టెరాయిడ్ మాత్రతో రెండు రోజుల్లో నొప్పి దిగితే దేవుడిచ్చిన మందు అనుకుంటాం. మంచి మందే, కాదనం. ఈ వాతంలో ఒంటి రక్షణ శక్తి దారి తప్పి మన కీళ్ల మీదే పడుతుంది, దాన్ని అణచాల్సిందే. అయితే అణచినప్పుడు లోపల దాగినవి లేస్తాయి.

అలాంటిదే స్ట్రాంగిలాయిడిస్ అనే సన్నటి పురుగు. పేరు నోరు తిరగకపోయినా పర్వాలేదు. మలం కలిసిన తడి మట్టిలో ఉండి, చెప్పుల్లేని పాదం చర్మంలోంచి దూరుతుంది. మల్బరీ తోటలో, చెరువు గట్టున వట్టికాళ్లతో నడవనివాళ్లు మనలో ఎవరున్నారు చెప్పండి? మిగతా నులిపురుగులు కొన్నేళ్లకు చస్తాయి. ఇది మాత్రం పేగుల్లోనే పిల్లల్ని పెట్టి మళ్లీ మన ఒంట్లోకే చొరబడుతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో థాయిలాండ్-బర్మా రైలు దారి పనిలో మగ్గిన బ్రిటిష్ ఖైదీ సైనికుల్లో 30, 40 ఏళ్ల తర్వాత కూడా ఇది కనిపించింది. కేజీఎఫ్ గనులు 2001లో మూతపడ్డాయి. ఆ కాలపు మట్టి ఇప్పుడు కాలికి లేదు, పురుగు మాత్రం లోపల ఉండొచ్చు.

స్టెరాయిడ్ పడితే ఇది విపరీతంగా పెరిగి ఊపిరితిత్తుల దాకా పాకుతుంది, పేగుల్లోని క్రిముల్ని రక్తంలోకి మోసుకెళ్తుంది. ప్రాణం పోవచ్చు. కడుపునొప్పి, విరేచనాలు, తగ్గని దగ్గు, నడుము కింద పాకే ఎర్రటి దురద గీత ఉంటే ఆగకండి.

కోలారు జిల్లా ఆసుపత్రిలోనో, టమకలోని మెడికల్ కాలేజీలోనో డాక్టరును ముందే అడగండి: "సార్, పురుగు పరీక్ష చేయిస్తారా?" మలం ఒక్కసారి చూస్తే తప్పిపోతుంది, రెండు మూడు రోజులు ఇవ్వాలి. రక్త పరీక్ష కూడా ఉంది. దొరికితే ఐవర్‌మెక్టిన్ ఇస్తారు. బడిలో పిల్లలకిచ్చే ఒక్క ఆల్బెండజోల్ మాత్ర దీనికి చాలదు.

భయపడి స్టెరాయిడ్ మీ అంతట మీరే ఆపొద్దు, అదీ ప్రమాదమే. మెథోట్రెక్సేట్ వాతానికి వారానికి ఒక్క రోజే, రోజూ కాదు. పేరు లేని పొట్లం మందులో ఏం కలిసిందో ఎవరికి తెలుసు? స్టెరాయిడే ఉండొచ్చు.

చీటీలు తెచ్చినవాళ్లు భోజనాలయ్యాక మా దగ్గర కూర్చోండి, ఏది స్టెరాయిడో కలిసి చూద్దాం.