కాలియెముకయు చీలమండయు కలిసి విరిగినపుడు
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)

ఇరువదియైదేండ్లుగా విజ్ఞానదీపమును ఆరనీయక కాపాడుకొన్న ఈ సంస్థ యెదుట, ప్రతి ఇంటికిని పనికివచ్చు నొక వైద్యవిషయమును మనవి చేయదలచితిని.

మోకాలికిని పాదమునకును నడుమ రెండెముకలు గలవు. లోపలివైపుననున్న లావుపాటి ఎముక అంతర్జంఘిక. శరీరభారమును ముఖ్యముగా మోయునది అదియే. వెలుపలి సన్నని ఎముక బహిర్జంఘిక. ఈ రెంటి క్రింది కొనలే చీలమండకు ఇరుప్రక్కల గుబ్బలై, పాదపు టెముకను ద్వారబంధమువలె పట్టియుండును. అంతర్జంఘికకు వెనుకవైపునకూడ ఒక అంచు గలదు.

పాదము నేలపై చిక్కుకొని దేహము మెలితిరిగినపుడు, పెద్ద ఎముక క్రిందిభాగమున మెలికగా విరుగును. ఆ బలమే చీలమండ వెనుక అంచునుకూడ చీల్చుట తరచు జరుగును. పై భంగము స్పష్టముగా తెలియును. క్రింది పగులు, ముక్క స్థానము తప్పనిచో, ఎక్సురేలో దాగియుండవచ్చును. అందుచేత ఇట్టి భంగములలో వైద్యులు చీలమండకు సి.టి. పరీక్షనుకూడ చేయింతురు.

ఈ జాగ్రత్త యేల? పెద్ద ఎముకను నిలుపుటకు మోకాలివద్దనుండి ఎముక లోపలి మూలుగ మార్గమున ఒక లోహపు కడ్డీని దింపుదురు. జర్మనీ శస్త్రవైద్యుడు గెర్హార్డ్ కుంట్షర్ తొడయెముకకు ఇట్టి కడ్డీని వాడి, ఆ పద్ధతిని 1940లో వైద్యలోకమునకు వెల్లడించెను. నేడు కడ్డీకి పైనను క్రిందను అడ్డుమరలు బిగింతురు గనుక ఎముక మెలితిరుగదు, కురుచపడదు. కాని దాగిన పగులును గుర్తింపక కడ్డీని దింపినచో, కదలక యున్న ముక్క తొలగిపోవచ్చును. కావున పెక్కు సందర్భములలో తొలుత చీలమండ ముక్కను మరలతో బిగించి, పిదప కడ్డీని వేయుదురు. వెలుపలి గుబ్బ విరిగి తొలగినచో దానికి లోహపు పలకను అమర్చుదురు. కీలు నునుపు చెడినచో అది అరిగి, ఏండ్లు గడచినకొలది నడక కష్టమగును.

అంతర్జంఘిక ముందువైపున చర్మమేగాని కండ లేదు; ఎముక బయటపడుట సులభము. అట్టి గాయముపై బూడిద, పసుపు, ఆకుపసరు వేయరాదు. శుభ్రమైన గుడ్డ కప్పి, మోకాలిపైనుండి పాదమువరకు బద్దలతో కదలకుండ నిలిపి, వెంటనే ఆసుపత్రికి చేర్పవలెను. సూక్ష్మక్రిమినాశక ఔషధము ఎంత త్వరగా అందిన అంత మేలు.

మరియొక మాట మరువకుడు. బిగుతైన కట్టు మంచి కట్టు కాదు. గాయమునకు మించిన నొప్పి పెరుగుచు, కాలివ్రేళ్లను కదల్చినంతనే బాధ భరింపరానిదైనచో, లోపలి వాపు కండలకు రక్తము నందనీయకున్నదని శంకింపవలెను. అప్పుడు తెల్లవారువరకు వేచియుండరాదు. కొన్ని గంటల ఆలస్యము కాలినే హరింపవచ్చును.

ఎముక అతుకుటకు నాలుగు నెలలును, అంతకు మించియు పట్టవచ్చును. వైద్యుడు చెప్పినప్పుడే కాలిపై బరువు మోపవలెను. చుట్ట, బీడీ మానవలెను. పొగాకు అతుకును ఆలస్యము చేయును.

లోహపు కడ్డీ ఎముకను నిలుపును. సకాలమున ఆసుపత్రి చేర్చు ఇరుగుపొరుగుల వివేకము మనిషిని నిలుపును. ఆ వివేకమును పెంచు ఈ గ్రంథాలయము చిరకాలము వర్ధిల్లుగాక యని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.