క్లాసెన్ ధర, మన కూలి ధర

మన మాండవి పిల్లల్లాగే మేమూ ఐపీఎల్ చూస్తాం, దాచడమెందుకు! 2025లో సన్‌రైజర్స్ హైదరాబాద్ క్లాసెన్‌ను 23 కోట్లకు అట్టిపెట్టుకుంది. అతను 487 పరుగులు చేశాడు; కోల్‌కతా మీద 37 బంతుల్లోనే సెంచరీ కొట్టాడు. జట్టు మాత్రం ప్లేఆఫ్స్‌కు చేరలేదు. పరుగుకు దాదాపు 4.7 లక్షలు!

దండగా? యజమానులకు కాదు. 2023–27 ప్రసార హక్కులే 48,390 కోట్లకు అమ్ముడుపోయాయి. సిక్సర్ల కోసం జనం చూడబట్టే కదా. అతని సంపాదన మీద మాకు అసూయ లేదు.

2025–26లో మహారాష్ట్రలో ఉపాధి హామీ కూలి రోజుకు 312 రూపాయలుగా ఉండేది. ఆ 23 కోట్లు 7,300 కుటుంబాలకు పైగా వంద రోజుల కూలి. మత్తయి 20లో ద్రాక్షతోట యజమాని అయిదు గంటలకు వచ్చినవాడికీ పూర్తి దేనారం ఇచ్చాడు, చేసిన పని కొలవకుండా. క్లాసెన్ కోసం జట్లు పోటీపడతాయి. మన కూలి పెంచడానికి ఎవరు పోటీపడతారు? సోమవారం గ్రామ పంచాయతీలో పని అడిగే దరఖాస్తులు అందరం కలిసే ఇద్దాం.