క్యాజువాల్టీలో నెత్తురు తుడిచేదెవరు?



ఆసుపత్రి సిబ్బందికి ప్రమాదం అనగానే మనకు గ్లవుజులు తొడుక్కున్న సర్జన్ గుర్తుకొస్తాడు. క్యాజువాల్టీలో ఇంకెవరున్నారో చూద్దాం. లారీ గుద్దిన మనిషి బట్టలు కత్తిరించి, సెలైన్‌కి నరం వెతికేది నర్సు. స్ట్రెచర్ మీద నెత్తురు కడిగేది ఆయా. దూదిలో కలిసిపోయిన సూదిని చెత్త బకెట్లోంచి ఏరేది స్వీపరు. వీళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. ఆయాలు, స్వీపర్లు చాలాచోట్ల కాంట్రాక్టు మనుషులు.

నెత్తురు ద్వారా సోకే వైరస్‌లలో ముఖ్యమైనవి మూడు: హెచ్‌ఐవి, హెపటైటిస్ బి, హెపటైటిస్ సి. మన భయమంతా మొదటిదాని మీదే. కానీ ఆ వైరస్ ఉన్న రోగికి వాడిన సూది గుచ్చుకుంటే, అది సోకేది సుమారు వెయ్యిమందిలో ముగ్గురికి. హెపటైటిస్ బి అయితే, టీకా లేనివాళ్లలో వందకు 6 నుంచి 30 మందికి సోకవచ్చు. దీనికి మూడు డోసుల టీకా నలభై ఏళ్లుగా ఉంది. అంటే ఈ జబ్బు పనిచేసే చోట ఒక ఆయాకి సోకిందంటే అది ఆమె తలరాత కాదు, ఎవరో చెయ్యని ఖర్చు.

'రోగులందరికీ ముందే పరీక్ష చేస్తే పోలా?' అని సిబ్బంది అడుగుతారు. ఆ భయం న్యాయమైనదే, మందు మాత్రం అది కాదు. అమెరికాలోని బాల్టిమోర్‌లో ఒక ఎమర్జెన్సీ విభాగానికి వచ్చిన 2,523 మంది రక్తాన్ని పరీక్షించి 1992లో ఫలితాలు ప్రచురించారు. 24 శాతం మందిలో ఈ మూడింటిలో ఏదో ఒకటి ఉంది. ఒక్క హెచ్‌ఐవి పరీక్షతో సరిపెట్టి ఉంటే హెపటైటిస్ ఉన్నవాళ్లలో అత్యధికులు తెలియకుండానే వెళ్లిపోయేవాళ్లు. ఆ అంకెలు మనవి కావు, అక్కడ సూదులతో మత్తుమందులు తీసుకునేవాళ్లు ఎక్కువ. కానీ పాఠం మనదే. పైగా కొత్తగా సోకినవాళ్లకు కొన్ని వారాలపాటు పరీక్షలో ఏమీ కనపడదు. నెత్తురోడుతున్న మనిషికి రిపోర్టు వచ్చేదాకా ఆగే వ్యవధీ లేదు. కాబట్టి ప్రతివారి నెత్తుటినీ ఒకే జాగ్రత్తతో ముట్టుకోవాలి. మంచానికి బోర్డు తగిలించడం వల్ల రోగి పరువు పోతుంది తప్ప ఆయా చెయ్యి భద్రంగా ఉండదు.

చట్టం కూడా ఇదే చెబుతోంది. 2017 నాటి హెచ్‌ఐవి చట్టం రోగి సమ్మతి లేకుండా పరీక్ష చేయవద్దంది. అదే చట్టం ఆసుపత్రులు సిబ్బందికి రక్షణ సామగ్రి, సూదిపోటు తర్వాత మందులు ఇవ్వాలనీ అంది. రోగి హక్కునూ కార్మికురాలి హక్కునూ పోటీకి పెట్టేవాళ్లు ఈ రెండో సగాన్ని చదవరు. 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నియమాలైతే చెత్త ముట్టుకునే సిబ్బందికీ, 'ఇతరులకూ' హెపటైటిస్ బి, ధనుర్వాతం టీకాలు వేయించాలన్నాయి. ఆ 'ఇతరులు' అన్న మాటను గట్టిగా పట్టుకోండి. కాంట్రాక్టరు మనిషి అని తప్పించుకునే దారి అక్కడ మూసుకుపోతుంది.

సూది గుచ్చుకుంటే సబ్బునీళ్లతో కడగాలి, పిండకూడదు. హెచ్‌ఐవి మందు గంటల్లో మొదలుపెట్టాలి, 72 గంటలు దాటితే లాభం లేదు. 28 రోజులు వాడాలి. రాత్రి డ్యూటీలో గుచ్చుకున్న ఆయాకి ఆ మందు బీరువా తాళం ఎవరి దగ్గరుంటుందో తెలుసా? మీ ఊరి ఆసుపత్రికి వెళ్లినప్పుడు అది అడగండి. టీకాల రిజిస్టరు చూపించమనండి. అందులో స్వీపర్ల పేర్లు ఉన్నాయో లేవో చూడండి.