పద్మ సత్కారము – బిరుదము గాదు

(గోవింద్‌పూరులో తెలుగువారి సభయందలి ప్రసంగ పాఠము)



శ్రీనాథునకు కనకాభిషేకము జరిగెననియు, పెద్దనకు రాయలు స్వయముగా గండపెండేరము తొడిగెననియు తెలుగువారు నేటికిని గర్వముతో చెప్పుకొందురు. అది పాండిత్యమునకు జరిగిన పూజ. ఆంగ్లేయుల కాలమున రావుబహద్దరు, దివాన్‌బహద్దరు వంటి బిరుదములు వచ్చినవి. అవి పేరునకు ముందు నిలిచి, మనుష్యునకును మనుష్యునకును నడుమ మెట్లు గట్టినవి.

కావుననే మన రాజ్యాంగము 18వ అధికరణమున, సైనిక విద్యా విశిష్టతలు దక్క, రాజ్యము ఎట్టి బిరుదమును ఈయరాదని శాసించినది. అట్లని ప్రతిభను గుర్తింపని జాతి వర్ధిల్లునా? ఈ చిక్కునకు సమాధానముగా 1954 జనవరి 2వ తేదీన భారతరత్న, పద్మవిభూషణ సత్కారములు వెలసినవి. మరుసటి యేట పద్మభూషణ, పద్మశ్రీ నామములు ఏర్పడినవి. ప్రథమ భారతరత్నములు మువ్వురిలో విజ్ఞానమూర్తి చంద్రశేఖర వేంకటరామన్, తత్త్వవేత్త సర్వేపల్లి రాధాకృష్ణన్ గారలు గలరు.

ఇవియును బిరుదములే యను ఆక్షేపణ లేకపోలేదు. 1977లో ఈ సత్కారములు నిలిచిపోయి 1980లో మరల ఆరంభమైనవి. తుదకు 1995లో సుప్రీంకోర్టు, ఇవి బిరుదములు గావనియు, పేరునకు ముందుగాని వెనుకగాని చేర్చరాదనియు తీర్పు చెప్పినది. సత్కారము కృషికే గాని పేరునకు గాదని దీని తాత్పర్యము.

కృషి యనగా నెట్టిది? ఆంధ్ర విశ్వవిద్యాలయమున గణితమభ్యసించిన కల్యంపూడి రాధాకృష్ణరావుగారు 1941లో కలకత్తా చేరి, 1945లో గణాంకశాస్త్రమున శాశ్వతమైన వ్యాసమొకటి ప్రకటించిరి. పద్మభూషణము 1968లోగాని రాలేదు. పద్మవిభూషణము 2001లో వచ్చినది. ఈ నడుమ లోకమంతయు ఆ సూత్రమును వాడుకొనుచునే యున్నది.

ఇక ఈ జంషెడ్‌పూరుననే కళాశాలాధ్యక్షులుగా పనిచేసిన దిగంబర్ హాంస్‌దాగారిని స్మరింపవలెను. సంతాలీ భాషకు జీవితమును ధారవోసి, భారత రాజ్యాంగమును ఆ భాషలోనికి అనువదించిరి. 2018లో పద్మశ్రీ వారిని వరించినది. 2020లో వారు కీర్తిశేషులైరి. బిరుదములు వలదన్న గ్రంథమునే తన జనుల నుడిలో నిలిపిన వారికి, బిరుదము గాని ఈ సత్కారము ఎంతయు తగియున్నది!

స్వస్థలమునకు దూరముగా నున్న తెలుగు కుటుంబములకు వీరిరువురు ఆదర్శప్రాయులు. ఒకరు పరప్రాంతమున విద్యను పండించిరి. ఒకరు తల్లిభాషను విడువక సేవించిరి. మన పిల్లలకు పతకములనుగాక, ఈ రెండు గుణములను చూపుదము.